ఊరి పక్కన జింకు పూత షెడ్డు: గాలి అనుమతి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఉండే మన తెలుగువాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలివి. నేను లాయర్ని కాను, ఇంజినీర్ని కాను. మా వీధికి రెండు పొలాల అవతల ఇనుప సామానుకు జింకు పూత వేసే షెడ్డు వచ్చింది. దాని కోసం చట్టం చదవాల్సి వచ్చింది. చదివాక నాకు తెలిసింది ఇది: ప్రభుత్వం ఇచ్చే అనుమతి కాగితం ఫ్యాక్టరీ ఓనరు బీరువాలో ఉంటే చాలదు. అందులో షరతులు రాసింది మన ఊపిరి కోసమే కాబట్టి, దాని కాపీ మన దగ్గరా ఉండాలి.

ఆ షెడ్డులో అసలేం చేస్తారు? పొగ ఎక్కణ్నుంచి వస్తుంది?

కరెంటు టవర్లు, రోడ్డు పక్క రెయిలింగులు, సోలార్ ప్యానెళ్ల స్టాండ్లు తుప్పు పట్టకుండా ఇనుముకు జింకు పూత వేస్తారు. దీన్నే గాల్వనైజింగ్ అంటారు. ముందు ఇనుము మీది నూనె, జిడ్డు కడుగుతారు. తర్వాత హైడ్రోక్లోరిక్ యాసిడ్ తొట్టిలో ముంచి తుప్పు వదిలిస్తారు. నీళ్లలో జాడించి, జింక్ అమోనియం క్లోరైడ్ ద్రావణంలో ముంచి ఆరబెడతారు. దీన్ని ఫ్లక్స్ అంటారు. ఆఖర్న కరిగిన జింకు తొట్టిలో దింపుతారు. జింకు దాదాపు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది, తొట్టిని 450 డిగ్రీల చుట్టుపక్కల ఉంచుతారు.

గేటు తీసి ఉన్నప్పుడు ఒకసారి చూశాను. క్రేన్ ఒక కట్ట యాంగిళ్లను మెల్లగా తొట్టిలోకి దించింది. ఇనుము జింకును తాకగానే బుసబుసమని చప్పుడు, ఆ వెంటనే తెల్లటి మేఘం. ఒక్క నిమిషం తొట్టి కనపడలేదు. ఆ తెల్లపొగ ఇనుముది కాదు, జింకుదీ పెద్దగా కాదు. ఎక్కువ భాగం ఫ్లక్స్ వేడికి విడిపోయి లేచే అమోనియం క్లోరైడ్, దాంతో పాటు కొంత జింక్ క్లోరైడ్, జింక్ ఆక్సైడ్. ఇవి చాలా సన్నటి రేణువులు. అందుకే అంత తెల్లగా, అంత దట్టంగా కనిపిస్తాయి, అంత తేలిగ్గా ఊపిరితిత్తుల లోపలిదాకా పోతాయి.

ముక్కు మండించే ఘాటు వాసన మాత్రం జింకు తొట్టిది కాదు. అది యాసిడ్ తొట్టి నుంచి వస్తుంది. ఈ రెండూ వేరని గుర్తుపెట్టుకోండి. రెండింటికీ మందు వేరు, కాగితంలో షరతులూ వేరుగా ఉంటాయి.

"అది ఉత్త ఆవిరి" అంటున్నారు. నిజమేనా?

కొంత నిజం. పూత అయ్యాక వేడి ఇనుమును నీళ్లలో ముంచుతారు, అప్పుడు లేచేది ఆవిరే. తేడా కంటితోనే తెలుస్తుంది. ఆవిరి కాస్త పైకి వెళ్లగానే గాలిలో కరిగిపోతుంది. ఫ్లక్స్ పొగ కరగదు, పల్చబడుతూ నీలం తిరిగిన తెలుపుతో చాలా దూరం సాగుతుంది.

మా పక్కింటి పెద్దమ్మ మాఘమాసంలో డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టింది. సాయంత్రం తీసేసరికి పాత చీర మీద బూడిద లాంటి పల్చటి పొర. వేలితో రాస్తే జిడ్డుగా అంటుకుంది. ఆవిరి అలా అంటుకోదు కదా! ఆ చీరను మడిచి కవర్లో పెట్టమన్నాను. ఇలాంటివి పారేయకండి, తేదీ రాసి దాచండి.

దీనివల్ల జబ్బులు వస్తాయా?

యాసిడ్ ఆవిరి కళ్లను, గొంతును మండిస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం పెంచుతుంది, చుట్టుపక్కల రేకుల్ని తినేస్తుంది. జింక్ ఆక్సైడ్ పొగ ఎక్కువగా పీలిస్తే అదే రోజు సాయంత్రం చలిజ్వరం, ఒళ్లునొప్పులు, నోట్లో లోహపు రుచి వస్తాయి. రెండు రోజుల్లో తగ్గిపోతుంది కాబట్టి మలేరియా అనో, ఫ్లూ అనో అనుకుంటారు. మన వైపు మలేరియా కొత్త కాదు, అందుకే ఈ పొరపాటు ఇంకా తేలిక. ఇది ఎక్కువగా వచ్చేది పూత వేసిన పైపుల్ని వెల్డింగ్ చేసేవాళ్లకు. ఇంట్లో అలాంటి పని చేసేవాళ్లుంటే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి.

పౌడర్ కోటింగ్, స్ప్రే పెయింట్, క్రోమ్ ప్లేటింగ్ కూడా ఇంతేనా?

ఒక్కోదాని లెక్క ఒక్కోటి. పౌడర్ కోటింగ్‌లో థిన్నర్ ఉండదు. పొడిని చల్లి, దాదాపు 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తారు. గాలి సంగతి వరకే చూస్తే వీటిలో ఇదే నయం. స్ప్రే పెయింట్‌లో టోలీన్, జైలీన్ లాంటి థిన్నర్లు గాలిలో కలుస్తాయి, తలనొప్పి తెప్పించే వాసన వాటిదే. క్రోమ్ ప్లేటింగ్ తొట్టి నుంచి వచ్చే తుంపరలో హెక్సావాలెంట్ క్రోమియం ఉంటుంది. అది క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం. ఊరి మధ్య అలాంటి తొట్టి ఉంటే చిన్నదే కదా అని వదిలేయకండి.

అనుమతి ఎవరిస్తారు? పంచాయతీ ఎన్‌ఓసీ ఉందంటున్నారు, సరిపోదా?

సరిపోదు. 1981 గాలి కాలుష్య చట్టం 21వ సెక్షన్ కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డు అనుమతి లేకుండా పరిశ్రమ పెట్టకూడదు, నడపకూడదు. మనకైతే ఒడిశా బోర్డు. దాని ప్రధాన కార్యాలయం భువనేశ్వర్‌లో ఉంది, మన వైపు రాయగడలో, బరంపురంలో ప్రాంతీయ కార్యాలయాలున్నాయి.

అనుమతి రెండు మెట్లు. మొదటిది పెట్టడానికి, అంటే పునాది తవ్వక ముందే తీసుకోవాల్సింది. రెండోది నడపడానికి, యంత్రాలు బిగించాక తీసుకోవాల్సింది. ఆఫీసుల్లో సీటీఈ, సీటీఓ అనేవి ఇవే. చాలామంది ఓనర్లు మొదటిది చూపించి "పర్మిషన్ ఉంది" అంటారు. రెండోది ఏదని అడగండి. దరఖాస్తు పెట్టాక బోర్డు 4 నెలల్లోపు ఇస్తామనో, ఇవ్వమనో తేల్చాలి.

ఇంకో మాట. పరిశ్రమల్ని కాలుష్యాన్ని బట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు అంటూ రంగులుగా విడదీసే పద్ధతిని కేంద్ర బోర్డు 2016లో సవరించింది. ఆ జాబితాలో యాసిడ్ పిక్లింగ్ (యాసిడ్‌లో ముంచి తుప్పు వదిలించడం), ఎలక్ట్రోప్లేటింగ్, గాల్వనైజింగ్ లాంటి పనులు అన్నిటికన్నా ఎక్కువ కాలుష్యానిదైన ఎరుపులో ఉండేవి. 2025లో ఆ జాబితా మళ్లీ మారింది. దరఖాస్తులో "ఫ్యాబ్రికేషన్ షెడ్డు" అని రాసి లోపల యాసిడ్ తొట్టి పెడితే ఆ రంగు తప్పించుకున్నట్టే. కాగితం దొరికితే ముందు ఆ పేరు చూడండి.

అనుమతి ఇచ్చే ముందు మనల్ని అడగరా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు కష్టం. ప్రజాభిప్రాయ సేకరణ అనేది 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో ఉన్న పెద్ద ప్రాజెక్టులకు. బోర్డు అనుమతి ఒక్కటే చాలిన చిన్న షెడ్డుకు టెంటు వేసి మీటింగ్ పెట్టరు.

రాయగడ జిల్లా అయిదో షెడ్యూలు ప్రాంతం (గిరిజనులకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం) కదా, పల్లీసభ, అంటే ఊరివాళ్ల సభ, కాదంటే ఆగిపోదా అని కూడా అడుగుతారు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నియమగిరి మీద 12 పల్లీసభలు బాక్సైట్ గనిని కాదన్నాయి, గని ఆగింది. మన జిల్లాలో అది అందరికీ తెలిసిన సంగతే. కానీ అది అటవీ హక్కుల చట్టం కింద, కొండ మీద డోంగరియా కొంధుల హక్కు గురించి నడిచిన వ్యవహారం. సొంత స్థలంలో కట్టిన షెడ్డుకు అదే దారి అలాగే పనిచేస్తుందని నేను చెప్పను. అయినా పల్లీసభ తీర్మానం చేసి బోర్డుకు పంపండి. సీటీఈ దశలోనే పంపితే, ఫైలు చూసే అధికారి దాన్ని పక్కన పెట్టడానికి కారణం రాయాల్సిన ఇబ్బంది వస్తుంది.

అనుమతి కాగితం మన చేతికి ఎలా వస్తుంది?

మూడు దారులున్నాయి. మొదటిది బోర్డు వెబ్‌సైటు. దరఖాస్తులన్నీ ఇప్పుడు ఆన్‌లైన్లోనే నడుస్తున్నాయి, ఒక్కోసారి ఆర్డరు అక్కడే దొరుకుతుంది. రెండోది గాలి చట్టం 51వ సెక్షన్. దీని సంగతి చాలామందికి తెలీదు. ఎవరెవరికి అనుమతి ఇచ్చారో, ఏ ప్రమాణాలు పెట్టారో బోర్డు ఒక రిజిస్టరు ఉంచాలి. ఆ పొగ బారిన పడేవాళ్లు పని వేళల్లో వెళ్లి దాన్ని చూడొచ్చు.

మూడోది సమాచార హక్కు. ఒడిశాలో ఫారం ఏ మీద అడగాలి, రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. "సమాచారం ఇవ్వండి" అని గుడ్డిగా రాస్తే గుడ్డి జవాబే వస్తుంది. షెడ్డు పేరు, ఊరు, బ్లాకు రాసి సీటీఈ, సీటీఓ కాపీలు, గత రెండేళ్ల చిమ్నీ పరీక్ష రిపోర్టులు, తనిఖీ రిపోర్టులు, ఇచ్చిన నోటీసులు అని విడివిడిగా అడగండి.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చి, గుమాస్తా "పెట్టేసి వెళ్లండి, చూస్తాం" అంటే నమ్మి వచ్చేశాను. రెండు నెలల తర్వాత అడిగితే అలాంటి అర్జీయే రాలేదన్నారు. కాపీ మీద ముద్ర వేయించుకోలేదు కాబట్టి నేనేమీ అనలేకపోయాను. అప్పటి నుంచి రెండు కాపీలు తీసుకెళ్తాను, రెండో దాని మీద ముద్ర, తేదీ, సంతకం పడేదాకా బల్ల దగ్గరే నిలబడతాను. లేదా పోస్టాఫీసులో రిజిస్టరు చేస్తాను.

కాగితం దొరికింది. పదిహేను పేజీల ఇంగ్లిషు. ఏం చూడాలి?

అంతా చదవక్కర్లేదు, కొన్ని చోట్ల ఆగండి.

మొదట, సామర్థ్యం. రోజుకో, నెలకో ఎన్ని టన్నుల ఇనుముకు పూత వేయొచ్చో రాసి ఉంటుంది. లారీలు లెక్కపెట్టండి. ఒక వారం పాటు లోపలికి వెళ్లే లారీలను మా పిల్లలు నోట్‌బుక్కులో రాశారు, రాసి ఉన్నదానికీ జరుగుతున్నదానికీ పొంతన లేదని అప్పుడే తెలిసింది.

తర్వాత గడువు. అనుమతి ఎప్పటిదాకా చెల్లుతుందో ఆర్డరు మీద ఏం రాసి ఉంటే అదే లెక్క.

ఆపైన అసలు సంగతి, పొగ పట్టే ఏర్పాటు. జింకు తొట్టి పక్కనో, పైనో పొగను లాక్కునే హుడ్, దాని వెనక బ్యాగ్ ఫిల్టరు ఉండాలని సాధారణంగా రాస్తారు. బ్యాగ్ ఫిల్టరు అంటే గుడ్డ సంచుల వరుస. వాక్యూమ్ క్లీనరు సంచి పెద్దదైతే ఎలా ఉంటుందో అలా. ఫ్లక్స్ పొగ జిడ్డుగా ఉండి గుడ్డను మూసేస్తుంది, అందుకే సంచుల మీద ముందే సున్నం పొడి పూస్తారు. సున్నం కొన్న బిల్లులు, సంచులు మార్చిన తేదీలు తనిఖీలో చూడమని అర్జీలో రాయండి. మిషన్ ఉందా అని అడిగితే ఉందంటారు. సంచులు ఎప్పుడు మార్చారని అడిగితేనే అది తిరుగుతోందో లేదో తేలుతుంది. 21వ సెక్షన్ కూడా అదే అంటుంది: కాలుష్యం ఆపే యంత్రాలు ఎల్లవేళలా బాగా పనిచేసే స్థితిలో ఉండాలి. యాసిడ్ తొట్టికైతే స్క్రబ్బరు, అంటే ఆవిరిని నీటి జల్లులోంచి పంపి కడిగే గొట్టం.

చిమ్నీ దగ్గర రెండు విషయాలు చూడండి. ఒకటి ఎత్తు. రెండోది నమూనా తీసే రంధ్రం, దాని దగ్గరికి వెళ్లే నిచ్చెన, నిలబడే చప్టా. ఆ రంధ్రం ఎక్కడ పడితే అక్కడ ఉండకూడదు. గాలి సుడి తిరగని చోట, అంటే కిందున్న వంపు నుంచి చిమ్నీ వ్యాసానికి ఎనిమిది రెట్లు పైన, చిమ్నీ మూతికి రెండు రెట్లు కింద ఉండాలనేది లెక్క. మా షెడ్డు చిమ్నీకి రంధ్రం మూత ఉంది, నాలుగు బోల్టులున్నాయి. రోడ్డు మీంచి ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూస్తే ఆ నాలుగూ తుప్పు పట్టి మూతకు అతుక్కుపోయి ఉన్నాయి. అప్పటికి రిపోర్టుల్లో మాత్రం మూడు సార్లు నమూనా తీసినట్టు ఉంది. ఆ ఫొటో జత చేసి "ఈ బోల్టులు విప్పకుండా నమూనా ఎలా తీశారు?" అని ఒక్క వాక్యం రాశాం. నేను రాసిన అర్జీలన్నిట్లో ఎక్కువ పని చేసింది అదే.

జనరేటరుకూ చిమ్నీ లెక్క ఉంది. అది ఉన్న భవనం ఎత్తుకు, కేవీఏ (జనరేటరు సామర్థ్యం) సంఖ్య వర్గమూలంలో అయిదో వంతు మీటర్లు కలపాలి. 100 కేవీఏ అయితే కప్పు మీద ఇంకో 2 మీటర్లు.

పరీక్ష రిపోర్టులన్నీ "పరిమితి లోపల" అనే వస్తున్నాయి. పొగ మాత్రం కనిపిస్తూనే ఉంది. ఎలా?

ఎందుకంటే కొలిచేది చిమ్నీలో. పొగ బయటికొచ్చేది కప్పులోంచి. హుడ్ సరిగా లాగకపోతే పొగ చిమ్నీ దాకా వెళ్లనే వెళ్లదు, రేకుల సందుల్లోంచి, వెంటిలేటర్లలోంచి, తీసి పెట్టిన గేటులోంచి వచ్చేస్తుంది. అప్పుడు చిమ్నీ ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది. రేణువులకు సాధారణ పరిమితి ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాములైతే, రిపోర్టులో 30 వస్తుంది. అంకె అబద్ధం కాకపోవచ్చు. కొలిచిన చోటే తప్పు. కాబట్టి చిమ్నీ ఫొటో కాదు, కప్పు ఫొటో తీయండి. అర్జీలో "ఫ్యూజిటివ్ ఎమిషన్" అన్న మాట వాడండి, ఆఫీసు భాషలో ఈ కప్పు పొగ పేరు అదే.

ఇంకోటి, నమూనా తీసిన రోజు తొట్టి నడిచిందా అని అడగండి. ఇనుము ముంచినప్పుడే పొగ కాబట్టి, ముంచని గంటలో తీసిన నమూనాతో ఏమీ తేలదు.

చిమ్నీ అంకెను, ఊరి గాలి అంకెను కలిపేయకండి. ఊరి గాలికి 2009 జాతీయ ప్రమాణాలున్నాయి. గాలిలోని సన్నటి రేణువుల్ని పీఎం 10 అని, ఇంకా సన్నటివాటిని పీఎం 2.5 అని అంటారు. 24 గంటల సగటున పీఎం 10 ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, పీఎం 2.5 అయితే 60 దాటకూడదు. ఇవి మైక్రోగ్రాములు, చిమ్నీవి మిల్లీగ్రాములు. వెయ్యి రెట్లు తేడా.

షెడ్డు చేతులు మారింది. కొత్త ఓనరు "అవి పాతాయన షరతులు" అంటున్నాడు.

చెల్లదు. ఆస్తితో పాటు అనుమతీ, దాని షరతులన్నీ కొత్తాయనకు వస్తాయని 21వ సెక్షన్‌లోనే ఉంది.

అర్జీ తెలుగులో రాయొచ్చా? ఒడియా రాయడం మాకు రాదు.

రాయొచ్చు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కష్టం చెప్పుకోవడానికి కేంద్రంలోనో, రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చే హక్కు మనిషికి ఉంది. భాష పేరుతో వెనక్కి పంపితే ఆ అంకె చెప్పండి. అయితే పని త్వరగా జరగాలంటే కింద ఒడియాలో ఓ పేజీ సారాంశం జత చేయడం మంచిది. మన పిల్లలు ఇక్కడి బడుల్లో ఒడియా చదువుతున్నారు కదా, వాళ్లచేత రాయించండి. మా వీధి అర్జీకి తొమ్మిదో తరగతి పాప రాసింది, ఒక్క తప్పు లేదు.

అర్జీలో "విపరీతమైన కాలుష్యం, ప్రాణాలు పోతున్నాయి" అని రాయకండి. ఏ తేదీ, ఎన్ని గంటలకు, గాలి ఎటు నుంచి ఎటు, ఎంతసేపు, ఎవరి ఇంటి మీద అన్నది రాయండి. పది రోజుల డైరీ ఉంటే అధికారి ఆ వేళకే రావడానికి వీలవుతుంది. కలెక్టరు గ్రీవెన్సులోనూ, ఒడిశా ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు జన సునాణి పోర్టల్లోనూ అదే కాపీ ఇవ్వండి.

మాది ఆంధ్ర వైపు ఊరు. షెడ్డు ఒడిశాలో ఉంది, పొగ మా మీదికొస్తోంది.

చిమ్నీ ఏ రాష్ట్రంలో ఉంటే అనుమతి ఆ రాష్ట్ర బోర్డుది, చర్య తీసుకోవాల్సిందీ అదే. మన్యం జిల్లా వాళ్లయినా ఒడిశా బోర్డుకే రాయాలి, కాపీ ఆంధ్ర బోర్డుకు పంపండి. బోర్డర్ అవతలివాళ్లన్న కారణంతో మీ అర్జీ తీసుకోకుండా ఉండటానికి వీల్లేదు.

బోర్డు కదలకపోతే?

31ఏ సెక్షన్ కింద షెడ్డు మూయమని, కరెంటు, నీళ్లు ఆపమని ఆదేశించే అధికారం బోర్డుకు ఉంది. జన్ విశ్వాస్ చట్టంతో 2024 ఏప్రిల్ 1 నుంచి గాలి చట్టంలో జరిమానాలు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా అయ్యాయి. 43వ సెక్షన్ ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి మామూలు మనిషి కూడా కోర్టుకు ఫిర్యాదు చేయొచ్చు.

పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. ఒడిశా కేసులు కోల్‌కతా బెంచికి వెళ్తాయి. గొడవకు కారణం మొదలైన రోజు నుంచి 6 నెలల్లోపు వెళ్లాలన్నది ముఖ్యం. అర్జీల చుట్టూ తిరుగుతూ ఈ గడువు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు, వాళ్ల బాధ చూడలేం. నష్టపరిహారానికైతే 5 ఏళ్లు.

గొడవ చేస్తే షెడ్డు మూసేస్తారు. మా వాడు అందులోనే పనిచేస్తున్నాడు.

మా వీధిలోనూ ఇదే మాట. అడిగినవాళ్లను తప్పుపట్టను, నెల జీతం మీద బతికే ఇల్లు అది. నేను ఏ అర్జీలోనూ "మూసేయండి" అని రాయలేదు. హుడ్ బిగించండి, సంచులు మార్చండి, కప్పు సందులు మూయండి అనే రాశాను. ఆ పొగ మన ఇంటికి వచ్చేసరికి పల్చబడుతుంది, తొట్టి పక్కన నిలబడ్డ కుర్రాడికి మాత్రం చిక్కగా తగులుతుంది. మా పెద్దమ్మ మనవడు అక్కడ క్రేన్ నడుపుతాడు. అర్జీ మీద మొదట సంతకం పెట్టనన్నాడు. హుడ్‌కు కొత్త మోటారు పెట్టిన వారం ఇంటికొచ్చి, "ఇప్పుడు తొట్టి అవతలి అంచు కనపడుతోంది" అన్నాడు.